రీలు మారే సందులో

పోయిన వారం రిజ్వానా నరసరావుపేటలో మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే "అత్తా, బుల్లెట్టు తగిలిన మనిషి ఎంతసేపు మాట్లాడగలడు?" అని అడిగింది. కాఫీ కలుపుతున్నదాన్ని చెంచా పట్టుకునే హాల్లోకి వచ్చాను. ఈ వయసులో నన్ను ఎవరైనా అడిగేది మోకాళ్ళ గురించి, లేకపోతే బీపీ మాత్ర గురించి. ఇలాంటి ప్రశ్న వినపడి ఎన్నాళ్ళయిందో. చిన్నప్పటినుంచీ ఆరా తీసే జబ్బున్న దాన్ని, నాకు ప్రాణం లేచొచ్చింది.

రిజ్వానా మా కాశిం బాబాయి మనవరాలు. బాబాయి అంటే రక్తసంబంధం ఏమీ లేదు. మాచవరం దగ్గర మా ఊళ్ళో మా పక్కిల్లు వాళ్ళది. మా నాన్నా ఆయనా అన్నా తమ్ముడూ అని పిలుచుకుంటూ పెరిగారు, ఆ వరసలే పిల్లలకీ వచ్చాయి. ఈ పిల్ల హైదరాబాదులో సినిమా డైరెక్టరు దగ్గర అసిస్టెంటు. ఇప్పుడు తీస్తున్నది ఎప్పుడో జరిగిన యుద్ధం మీద సినిమా. సరిహద్దు కొండలుగా చూపించడానికి పిడుగురాళ్ళ వైపు రాతి క్వారీలు పనికొస్తాయేమోనని చూడటానికి వచ్చి, పనిలో పనిగా నన్నూ చూడటానికి వచ్చింది. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ల్యాప్‌టాపు తెరిచి, సెట్టులో ముందే తీసేసిన ఒక సీను చూపించింది. హీరోకి గుండెల్లో తూటా దిగింది. స్నేహితుడి ఒళ్ళో తల పెట్టుకుని వాళ్ళమ్మని తలుచుకున్నాడు, ఊళ్ళో పొలాన్ని తలుచుకున్నాడు, పెళ్ళాడాల్సిన పిల్లను తలుచుకున్నాడు. దాహం అన్నాడు. స్నేహితుడి సీసాలో చుక్క లేదు. చివరికి లేచి కూర్చుని సెల్యూట్ కొట్టి పోయాడు. అదంతా అబద్ధమని నాకు తెలుస్తూనే ఉంది. కళ్ళనీళ్ళు మాత్రం ఆగలేదు.

"చూశావా, నువ్వూ ఏడ్చావు!" అంది రిజ్వానా, దొంగను పట్టుకున్నట్టు. "మా డైరెక్టరు అనేదీ ఇదే. జనం ఏడవాలి, ఏడిస్తే సినిమా ఆడుద్ది అంటాడు. నేనేమో జరిగిన యుద్ధాన్ని తీస్తా ఇంత అబద్ధం చెప్పకూడదన్నా. ఇట్టా ఎవరూ చావరన్నా. 'మీ తాత మిలిటరీలో చేశాడన్నావుగా, ఆయనేం చెప్పాడో కనుక్కుని రా, అప్పుడు మాట్లాడదాం' అన్నాడు. ఎల్లుండి కూర్చుంటాం. ఈ సీను ఉంచుతారో కోస్తారో ఆ రోజు తేలిపోద్ది. దాదా పోయేటప్పటికి నాకు ఊహే తెలీదు. నాన్న ఏవో రెండు ముక్కలు చెప్పాడు. నువ్వయితే ఆయన చేతుల్లో పెరిగావు గదా."

తాతను ఆ పిల్ల దాదా అంటుంది. ముందు తిను, తర్వాత చెప్తానన్నాను. నిజానికి ఆ సీనులో నన్ను పట్టుకున్నది హీరో చావు కాదు, ఆ ఖాళీ నీళ్ళ సీసా. దాన్ని చూడగానే మా ఊరి రోడ్డు పక్కన తాటాకుల పందిరి, ఇసకలో దిగబెట్టిన కుండలు, తడి వట్టివేళ్ళ వాసన ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి.

కాశిం బాబాయి మిలిటరీలో లారీలు బాగుచేసే మెకానిక్కు. తిరిగొచ్చాక మా ఊరి రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని ట్రాక్టర్లూ ఆయిలింజన్లూ బాగుచేసేవాడు. ఎండాకాలం మా వాకిలంతా మిరపకాయలు ఆరబోసి ఉండేవి. వాటి ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్ముతుంటే, పొడుం పీల్చే మా నాయనమ్మ మాత్రం దర్జాగా అరుగు మీద కూర్చుని "నాకు అలవాటే" అనేది. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి బాబాయి ఆ అరుగు మీదే చేరేవాడు. ఆయన వస్తే డీజిలు వాసనా, మా అమ్మ పొయ్యి మీద ఉడికే గోంగూర వాసనా కలిసిపోయేవి. మంచు ఎట్టుంటది బాబాయ్ అని నేను అడిగితే, "పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పక్కన తుమ్మచెట్లు చూశావుగా, ఆకులన్నీ తెల్లగా. అట్టానే ఉంటది. కాకపోతే అది కళ్ళు మండిచ్చుద్ది, ఇది వేళ్ళు కొరికేసుద్ది" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు పిడుగురాళ్ళ మీదుగా బస్సులో వెళ్ళినా నేను శాలువా కప్పుకుని కిటికీ పక్కన కూర్చునేదాన్ని. మా అమ్మ చూసి ఈ పిల్లకు జొరమొచ్చిందనుకునేది.

మిరపకోతలు అయ్యాక మా ఊరికి డేరా సినిమా వచ్చేది. ఇప్పటివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఆ డేరాకు మిషను ఒకటే. ఒక రీలు అయిపోగానే బొమ్మ ఆగిపోయేది, దాన్ని తీసి ఇంకోటి ఎక్కించేదాకా డేరాలో బల్బు వెలిగేది. ఆ సందులో వేరుశనక్కాయలవాడు తిరిగేవాడు, పిల్లలు ఏడ్చేవాళ్ళు, బీడీలు వెలిగేవి. యుద్ధం సినిమా అయితే వీటన్నిటికన్నా ముందు ఇంకో పని జరిగేది. ఊరంతా వెనక్కి తిరిగి మిషను వైపు చూసేది. అక్కడ డేరా ఇంజను బాగుచేసిన హక్కుతో ఆపరేటరు పక్కన స్టూలు వేసుకుని కాశిం బాబాయి కూర్చుని ఉండేవాడు. ఆయన లేచి నిలబడాలి. అప్పటిదాకా చూసిన రీల్లో ఏది నిజమో ఏది కాదో చెప్పాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, అది మా ఊరి ఆనవాయితీ అయిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దీనికోసమే మా ఊరి డేరాకు వచ్చేవాళ్ళు.

"ఒరే కాశిమా, అంత మంచులో ఆ పిల్ల ఆ పల్చటి చీరతో ఎగురుద్దా?" అని మా నాయనమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి కేకేసేది.

"ఎగరదు పెద్దమ్మా. ఎగిరితే రొమ్ముపడిశం పట్టి మంచాన పడుద్ది. పోనీలే, చూట్టానికి బానే ఉందిగా."

"ఒక్కడే అంతమందిని చంపుతాడా?"

"చంపనీ పెద్దమ్మా, టిక్కెట్టు కొన్నాంగా."

నాకు అప్పుడూ ఇప్పుడూ అర్థంకాని వింత ఇదే. ఈయనకు ఏ అబద్ధానికి కోపం వస్తుంది, దేనికి రాదు? మడత నలగని యూనిఫారాలకు రాలేదు. తూటాలు అయిపోని తుపాకులకు రాలేదు. పాటలకు అసలే రాలేదు, అవి వస్తే ఈల వేసేవాడు కూడా. కానీ ఒక సినిమాలో మంచు కొండ మీద లారీ తాళం తిప్పగానే స్టార్టయితే మాత్రం స్టూలు మీద ఎగిరిపడ్డాడు. "అంత చలిలో బండి అట్టా లేచుద్దంటరా! కింద మంటేసి ఆయిలు కాగబెట్టాలి. పిల్లోళ్ళ చేతులు బొబ్బలెక్కేయి. ఆ మంట చూపించడానికి ఈళ్ళకేం నొప్పి?" అని అరిచాడు. సరదాగా కలిపినదాన్ని ఆయన క్షమించేవాడు. ఎవరో పడిన కష్టాన్ని మాయంచేస్తే క్షమించేవాడు కాదు. నేను ఇన్నేళ్ళు ఆలోచించి పట్టుకున్న సూత్రం ఇంతవరకే, ఇది కూడా ఎప్పుడు చెడుతుందో తెలియదు.

ఆయన చెప్పిందల్లా ఊరు నమ్మేది, మా నాయనమ్మ తప్ప. ఆవిడ దగ్గర ఒకే ఒక ప్రశ్న ఉండేది, "నువ్వు చూశావా?" ఊళ్ళో కబురు మోసుకొచ్చిన మా అమ్మను అడిగేది. స్వర్గం ఎట్లా ఉంటుందో చెప్పే పురోహితుణ్ణీ అడిగేది. కాశిం బాబాయిని ప్రతి రీలుకూ అడిగేది. ఆయన ఎంత గొప్పగా చెప్తున్నా, ఆ ప్రశ్న రాగానే మెత్తబడి, "చూడలా పెద్దమ్మా, విన్నా" అనేవాడు. యుద్ధం జరిగినంతకాలం ఆయన వెనకాల ఎక్కడో వర్క్‌షాపులో లారీల కిందే ఉన్నాడు మరి. డేరా అంతా గొల్లున నవ్వేది. ఆ ప్రశ్నకు మాత్రం ఆయన ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు.

మా ఎదురింట్లో కోటమ్మత్త ఉండేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు కోటేశు, కాశిం బాబాయి వెంటపడి మిలిటరీలో చేరాడు, లారీ డ్రైవరుగా. ఆ యుద్ధంలో పోయాడు. విధి నిర్వహణలో మరణించాడని టెలిగ్రాం వచ్చింది, అంతకుమించి ఒక్క ముక్క లేదు. కాశిం బాబాయి తిరిగొచ్చినప్పుడు కోటమ్మత్త ఆయన్ని నిలేసింది. ఆయన తల వంచుకుని "దేశం కోసం పోయాడక్కా" అన్నాడు. మళ్ళీ అడిగితే షెడ్డులో పనుందని వెళ్ళిపోయాడు. ఊరు ఊరుకుంటుందా? వంతెన కాపాడాడని ఒకరు, జెండా పట్టుకుని ఒరిగాడని ఒకరు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు.

మా పల్నాటివాళ్ళకు యుద్ధం ఇంట్లో మనిషిలాంటిది. ఎప్పటిదో అన్నదమ్ముల పోరు, దానికి ఇప్పటికీ కారెంపూడిలో ఏటేటా వీరుల తిరునాళ్ళు. యుద్ధంలో పోయినవాణ్ణి మేం పోయాడనం, వీరుడయ్యాడంటాం. ఆ ఏడు మా వాళ్ళు కోటమ్మత్తను తిరునాళ్ళకు తీసుకెళ్ళారు. ఒక చేత కత్తి, ఒక చేత డాలు పట్టుకుని వీరుల కథ పాడే పెద్దాయన, ఈమె సంగతి విని కొడుకు పేరేమిటని అడిగి, కథలో ఆ పేరు కలిపి పాడాడు. గాయాలతో నేలకొరిగాడని పాడాడు, దాహం దాహమని అమ్మను పిలిచాడని పాడాడు, పోసేవాళ్ళు లేరని పాడాడు. ఆయన తన దగ్గరున్న పెద్ద గౌరవం ఆమెకిచ్చాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏడ్చి, ఆయన కాళ్ళకు దండం పెట్టారు. కోటమ్మత్త మాత్రం అక్కణ్ణుంచి ఒక్కటే ఇంటికి తెచ్చుకుంది, నా బిడ్డ నీళ్ళడిగితే పోసేవాళ్ళు లేకపోయారని.

తిరిగొచ్చీ రాగానే రోడ్డు పక్కన చలివేంద్రం పెట్టింది. అందరూ ఎండాకాలం పెడతారు, ఆమెకు వానాకాలం, చలికాలం కూడా ఎండాకాలమే. నేను బడి నుంచి వస్తూ అక్కడ ఆగేదాన్ని. వచ్చేపోయే బస్సులవాళ్ళకు, గొర్రెలవాళ్ళకు, దోసిలి పట్టినవాళ్ళందరికీ పోసేది. తను మాత్రం ఆ పందిరి కింద ఉన్నంతసేపూ చుక్క ముట్టేది కాదు. పెదాలు పగిలి నెత్తురొచ్చేవి. "నువ్వు తాగవా అత్తా?" అని ఒకసారి అడిగాను. "నాకు దప్పిక కాదమ్మా" అంది. ఆ ముక్క ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, ఇంకెప్పుడూ అడగొద్దంది. మనిషి ఏడాదికేడాది ఎండిపోతున్నది ఊరంతటికీ కనపడుతూనే ఉంది. ఇట్లాగే ఉంటే ఎక్కువ కాలం బతకదని నాయనమ్మ చెవిలో మా అమ్మ అనడం నేను విన్నాను.

అట్లాంటి రోజుల్లో డేరాకు ఇంకో యుద్ధం సినిమా వచ్చింది. సినిమా ముఖం చూడని కోటమ్మత్తను మా నాన్న బతిమాలాడు. "మన కోటేశు లాంటి పిల్లోడి కథంట అక్కా. చూస్తే గుండె కుదుటపడుద్ది" అన్నాడు. మా నాన్న మంచికే అన్నాడు, ఊళ్ళో అందరూ మంచికే అన్నారు. పొద్దుగూకుతుండగా మొదటాటకు చాప తీసుకుని వెళ్ళాం. కోటమ్మత్త నాకూ నాయనమ్మకూ మధ్యన కూర్చుంది.

మొదట్లో అంతా నవ్వులే. బాబాయి లేవడం, నాయనమ్మ అడగడం, అన్నీ మామూలుగా జరిగాయి. తర్వాత హీరోకి తూటా తగిలింది. పడ్డాడు, పాకాడు, మాట్లాడాడు, పాట మొదలైంది. పాటలో అమ్మ వచ్చింది. దాహం అన్నాడు. కోటమ్మత్త చాప మీద ముందుకు జరిగింది. అంతలో రీలు అయిపోయింది. హీరో నోరు తెరిచి ఉండగానే బొమ్మ ఆగి, బల్బు వెలిగింది.

ఆ రోజు ఎవరూ వెనక్కి తిరగలేదు. అందరూ ముక్కులు చీదుకుంటున్నారు. అప్పుడు కోటమ్మత్త లేచి నిలబడింది.

"కాశిమా, మా కోటేశు గూడా ఇంతసేపు ఉన్నాడా?"

ఆపరేటరు కొత్త రీలు చేతిలో పట్టుకుని అట్లాగే ఆగిపోయాడు. కాశిం బాబాయి స్టూలు మీద నుంచి లేచాడు. చేతులకు మరకలేమీ లేకపోయినా గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"లేదక్కా," అన్నాడు చివరికి. "తూటా తగలలా. లారీ కొండ మలుపులో లోయలోకి జారింది. వాడు పక్క సీట్లో నిద్రపోతన్నాడు. అంతసేపూ తనే తోలి, అప్పుడే ఇంకోడికిచ్చి పడుకున్నాడు. ఆ నిద్రలోనే పోయాడు. ఏం మాట్లాడలా, ఎవర్నీ పిలవలా."

"నీళ్ళు?"

"అడగలా అక్కా. అడిగే టయిమే లేదు వాడికి."

మగవాళ్ళ వైపు గుసగుసలు లేచాయి. ఊరు ఇన్నాళ్ళూ మోసిన వంతెన, జెండా అన్నీ ఒక్కసారిగా కిందపడ్డాయి. నాయనమ్మ పొడుం డబ్బీ మూత తీసింది, పీల్చకుండానే మళ్ళీ పెట్టేసింది. కోటమ్మత్త ఏడుస్తుందని నేను భయంతో ఆమె చీర కొంగు పట్టుకున్నాను. ఆమె ఏడవలేదు.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు గదరా," అంది.

"ఊరంతా వీరుడనుకుంటంది. లారీలో పోయాడని ఏ నోటితో చెప్పేది అక్కా?"

"ఊరికేం పోయింది. దాహమైంది నాకు గదా."

అని కూర్చుంది. రీలు మళ్ళీ మొదలైంది. తెర మీద హీరో ఇంకా చావలేదు, ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. కోటమ్మత్త కళ్ళార్పకుండా చూసి, "పాపం, ఈ బిడ్డకి చానా కష్టం వచ్చింది పిన్నీ" అని మా నాయనమ్మతో అంది. అప్పుడు ఏడ్చింది, సినిమాకు అందరూ ఏడ్చినట్టు, హాయిగా.

మర్నాడు చలివేంద్రం ఎత్తేస్తుందని ఊళ్ళో అనుకున్నారు. నేను బడికి పోతూ చూశాను, పందిరి కింద ఎప్పటిలాగే ఉంది. కుండ మూత తీసి, ముంతతో ముంచి, ఎత్తిపెట్టి గటగటా తాను తాగింది. నీళ్ళు గొంతు మీదుగా కారి రవికె తడిసింది. మూతి తుడుచుకుని "తాగుతావా అమ్మా?" అని నన్నడిగింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది, పందిరి తాటాకులు ఎన్నిసార్లు మార్చారో లెక్కలేదు.

ఇదంతా చెప్పి, నేను కొంచెం గర్వంగానే రిజ్వానా వైపు చూశాను. "తీసుకో నీ ఆధారం. కల్పించిన దాహం ఆమెను చంపబోయింది, నిజం బతికించింది. మీ డైరెక్టరుకు ఇదే చెప్పు," అన్నాను. ఆ పిల్ల ముఖంలో సంతోషం లేదు. ల్యాప్‌టాపు మూత మీద వేలితో గీస్తూ కూర్చుంది.

"అత్తా, నాన్న చెప్పిన రెండు ముక్కలన్నానే, అవి దీని గురించేనని ఇప్పుడర్థమైంది. దాదా ఆ లారీ చూడలేదు. ఆయన ఎక్కడో వర్క్‌షాపులో ఉన్నాడు. లారీ లోయలో పడింది, అందులో కోటేశు ఉన్నాడు, దాదాకి తెలిసింది అంతవరకే. నిద్రపోతన్నాడో మేలుకునే ఉన్నాడో, ఎంతసేపు ఉన్నాడో ఎవరికీ తెలీదు. 'ఆ నిద్ర నేను కలిపిందే' అని నాన్నతో అన్నాడంట. 'అదొక్కటే కలిపా, ఇంకా కలిపితే సినిమా అయిపోయేది' అన్నాడంట."

అరవై దాటాక కూడా చిన్నప్పటి ఊరు ఇట్లా కొత్తగా కనపడుతుందని ఎవరనుకుంటారు? ఒక రీలు తీసి ఇంకో రీలు ఎక్కించే సందులో, చేతులు తుడుచుకుంటూ, ఆ మెకానిక్కు ఒక చావు సీనును తిరగరాశాడు. పాట లేదు, డైలాగు లేదు, అందుకే అందరం నమ్మాం. అది అబద్ధమా? లారీ నిజం, లోయ నిజం. నిద్ర ఒక్కటే ఆయనది. యూనిఫారాల మడతలనూ పల్చటి చీరలనూ ఆయన ఎందుకు అంత తేలిగ్గా పోనిచ్చేవాడో నాకు కొంచెం తెలిసినట్టుంది, పూర్తిగా కాదు.

"ఇప్పుడు నేను ఎల్లుండి ఏం చెప్పాలి?" అంది రిజ్వానా దిగులుగా. "నిజమే తియ్యాలని చెప్పడానికి వచ్చి, దాదా అబద్ధం పట్టుకుని పోతన్నా."

ఇప్పటి థియేటర్లలో బొమ్మ ఆగదు. ఏసీ చల్లదనంలో, చెవులు పగిలే శబ్దంలో, మొదటినుంచి చివరిదాకా ఒకటే ప్రవాహం. లేచి నిలబడి అడగడానికి బల్బు వెలగదు, అడిగినా చెప్పడానికి వెనకాల స్టూలు మీద ఎవరూ లేరు. మర్నాడు ఫోన్లలో తుపాకీ మోడలు తప్పని కొట్టుకుంటారు, అంతే. ఆ పిల్లకు నేనదే చెప్పాను. సెల్యూట్ ఉంచితే ఉంచుకోమను, పాట ఉంచుకోమను. ఆ దాహం ముక్క మాత్రం కోయించు. ఆ హాల్లో ఎక్కడో చీకట్లో ఏ తల్లి కూర్చుంటుందో మీకు తెలియదు, మధ్యలో లేచి అడిగే వీలు ఆమెకు లేదు అన్నాను. రిజ్వానా ఆలోచించి, "దానికి పోట్లాడగలను" అంది. వెళ్ళేటప్పుడు నన్ను గట్టిగా కావలించుకుంది.

ఆ పిల్ల వెళ్ళాక కాఫీ గ్లాసులు కడుగుతూ ఆ డేరాను మళ్ళీ ఒకసారి కళ్ళముందు పెట్టుకున్నాను. బల్బు వెలుగుతోంది, కోటమ్మత్త నిలబడి ఉంది, బాబాయి నిద్ర సంగతి చెప్పి తల దించుకున్నాడు. కోటమ్మత్తకు అవతల మా నాయనమ్మ, పొడుం డబ్బీ మూత తీసి మళ్ళీ మూసింది. పురోహితుణ్ణి కూడా వదలని మనిషి. ప్రతి సినిమాకూ ప్రతి రీలుకూ "నువ్వు చూశావా?" అని అడిగిన మనిషి. అడిగితే కాశిం బాబాయి "చూడలా పెద్దమ్మా" అని తీరేవాడు, ఆ సంగతి ఆవిడకు తెలుసు.

ఆ ఒక్కసారి మా నాయనమ్మ అడగలేదు.